ఒకే కొండ, రెండు పెన్నలు

నవంబరు వచ్చిందంటే మా బడిలో ఒకటే గోల. "ఈసారి ఏడికి పిలుచుకొని పోతారు టీచర్?" అని ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా వరసపెట్టి అడుగుతారు. మాది హోసూరు దగ్గరి తెలుగు మాధ్యమం బడి. మాకు అలవాటైన చోట్లు మూడే. మైసూరు జంతు ప్రదర్శనశాల, హొగెనకల్ జలపాతం, బెంగళూరు పక్కన నీళ్ళ ఆటల పార్కు. పార్కుకు పోయిన ఏడాది పిల్లలు బాగానే ఎగిరారు గానీ, తిరిగొచ్చాక వ్యాసం రాయమంటే ముప్పాతికమంది నాలుగు వాక్యాలు దాటలేదు. అందులో ఒకటి ఐస్‌క్రీం గురించి, ఇంకొకటి పోయిన చెప్పు గురించి.

ఈసారి సంగతి వేరేగా మొదలైంది. ఏడో తరగతిలో భారతదేశ నదుల పటం గోడకు తగిలించి చెబుతున్నాము. తూర్పు తీరం మీద పెన్నా దగ్గర కర్ర పెట్టి, ఇది నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది అన్నాము. వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి లేచాడు. అడిగితే తప్ప నోరు విప్పడు. "టీచర్, నెల్లూరు పెన్నా అంటా ఉండారు. మా తోట పక్కన పొయ్యే ఏరు కూడా పెన్నే గదా. అది కూడా నెల్లూరికే పోతాదా?"

పోదు, అది వేరే నది అన్నాము. "మరి పేరు ఏంటికి ఒకటే ఉండాది?" అన్నాడు. రెండూ నంది కొండల్లో పుట్టినవే అని చెప్పాము. అంతటితో ఊరుకుంటాడనుకున్నాము. "మీరు చూసినారా టీచర్?" అన్నాడు.

చూడలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఏటి పక్కన పాఠాలు చెబుతున్నాము. ఏటి మీది వంతెన దాటని వారం లేదు. పుట్టిన చోటు నూరు కిలోమీటర్ల దూరంలో ఉంది, అంతే. బెంగళూరుకు పెళ్ళిళ్ళకు పోయాము, ఆసుపత్రులకు పోయాము, బట్టల అంగళ్ళకు పోయాము. అక్కడి నుంచి ఇంకో అరవై కిలోమీటర్లు పోయి చూసి రావాలని మాత్రం తోచలేదు.

ఊళ్ళ పేర్ల పిచ్చి

నిజానికి తిరగడం మాకు కొత్త కాదు. ఆదివారం పూట వంట తొందరగా ముగించి, టౌను బస్సు ఎక్కి, పేరు నచ్చిన ఊళ్ళో దిగి, ఒక టీ తాగి వచ్చేయడం మా సరదా. మా ఇంట్లోవాళ్ళు దీన్ని "బోర్డుల పిచ్చి" అంటారు. బాగలూరు, బేరికె, మత్తిగిరి, ఉద్దనపల్లి, శూలగిరి, వేపనపల్లి, రాయకోట... ఈ పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాము. ఒకే ఊరు తమిళ బోర్డు మీద ఒక రకంగా, కన్నడం వాళ్ళ నోట ఇంకో రకంగా, మన అవ్వల నోట మరో రకంగా ఉంటుంది. మనకు పల్లి, తమిళంలో పళ్ళి, కన్నడంలో హళ్ళి. హోసూరు పేరే కన్నడం, కొత్త ఊరు అని అర్థం. ఆ కొత్త ఊరికి కూతవేటు దూరంలో తొరపల్లి. 1878లో రాజాజీ పుట్టిన ఊరు అది. ఆయన చిన్నప్పుడు హోసూరు బడిలోనే చదువుకున్నారు. ఆ సంగతి మా పిల్లల్లో సగం మందికి తెలియదు. తెలిసిన సగం కూడా పరీక్షల కోసం బట్టీపట్టినవాళ్ళే.

ఏటికీ అంతే, నాలుగు పేర్లు. తమిళంలో తెన్‌పెణ్ణై అంటారు. తెన్ అంటే దక్షిణం. కన్నడం వాళ్ళు దక్షిణ పినాకిని అంటారు. పినాకం శివుడి విల్లు. పుస్తకాల్లో దక్షిణ పెన్న. మా ఊళ్ళో మాత్రం ఎవరినడిగినా ఉత్త "ఏరు". నీళ్ళు వస్తే ఏరొచ్చింది, రాకపోతే ఏరెండింది. దానికి పేరు పెట్టి పిలవాల్సిన పని ఎవరికీ పడలేదు.

"ఊరికే చూపిస్తాను రండి"

తల్లిదండ్రుల సమావేశంలో ఈసారి నంది కొండకు పోదాం, నది పుట్టిన చోటు చూద్దాం అని చెప్పేసరికి ఒకావిడ పకపకా నవ్వింది. "ఏరు చూసేదానికి నాలుగు నూర్ల యాభై రూపాయలా టీచరమ్మా? మా ఇంటెనకాలే పోతా ఉండాది. ఊరికే చూపిస్తాను రండి." అందరితోపాటు మేమూ నవ్వాము. ఆమె మాటలో న్యాయం ఉంది గనక, రెండు యాత్రలు చేద్దామని అప్పటికప్పుడే మాటిచ్చాము. ఒకటి బస్సు కట్టుకొని నంది కొండకు. ఇంకొకటి ఆ తరువాతి వారం, టౌను బస్సులో, మన కెలవరపల్లి డ్యాముకు. రెండోదానికి పైకం లేదు.

సమావేశం అయ్యాక ఆ అబ్బాయి నాయన ఆగాడు. వాళ్ళకు ఎకరా చిల్లర రోజాపూల తోట ఉంది. ఫిబ్రవరిలో విదేశాలకు పోయే పూలు మా హోసూరు ప్రాంతం నుంచి చాలా పోతాయి. అయితే ఆయనది అంత పెద్ద సాగు కాదు, రోజూ మార్కెట్టుకు వేసే పూలు. "టూరు గురించి కాదు మేడం, వీడి చదువు గురించి మాట్లాడదామని నిలబడినా. వచ్చే జూన్‌లో టీసీ కావాలి" అన్నాడు. ఎందుకన్నా అని అడిగాము. "వీడక్క పదో తరగతిలో పడిన పాట్లు చూసినాము గదా" అన్నాడు.

చూశాము. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడులో పిల్లలందరికీ తమిళం మొదటి భాష. ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికొక మెట్టు ఎక్కుతూ 2016 నాటికి అది పదో తరగతి పరీక్షకు చేరింది. అప్పటి నుంచి మన బళ్ళ పిల్లలు ఒక ఏడాది కోర్టు మినహాయింపు కోసం ఎదురుచూడడం, ఇంకో ఏడాది ఉన్నట్టుండి తమిళం పుస్తకం పట్టుకొని కూర్చోవడం, ఇట్లా నెగ్గుకొస్తున్నారు. ఆ అమ్మాయికి లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. తమిళం పరీక్ష ముందు రాత్రుళ్ళు మాత్రం ఏడుస్తూ కూర్చుందట. ఆయన చెబుతుంటే మా దగ్గర జవాబు లేదు. తమిళం నేర్పే టీచరు పోస్టు మా బడిలో ఎన్నాళ్ళు ఖాళీగా ఉందో ఆయనకూ తెలుసు.

ఒక పిల్లవాడు పోతే పోయేది ఒక్క పిల్లవాడే అనుకోవడానికి లేదు. మన బళ్ళలో పనిచేసేవాళ్ళందరికీ ఈ లెక్క తెలిసిందే. తరగతిలో తలలు తగ్గితే టీచరు పోస్టు పోతుంది. టీచరు పోతే మరో నలుగురు టీసీలు అడుగుతారు.

"టూరుకు మాత్రం పంపిస్తాను లెండి. నాలుగు రోజులుగా ఇంట్లో అదే పాట" అని ఆయన వెళ్ళిపోయాడు.

బస్సులో నాలుగు లిపులు

పై అధికారుల అనుమతి కాగితాలు, పక్క రాష్ట్రానికి కనుక ఇంకొన్ని కాగితాలు, తల్లిదండ్రుల సంతకాలు, ఇవన్నీ చదువరులకు అనుభవమే కాబట్టి వదిలేస్తున్నాము. తెల్లవారుజామున అయిదుకు ఇరవై మూడుమంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, రెండు గంపల చిత్రాన్నం, ఒక క్యాను పెరుగన్నంతో బయల్దేరాము. ఆలస్యమైతే బెంగళూరు ట్రాఫిక్కులోనే పొద్దు గడిచిపోతుందని డ్రైవరు హడావిడి.

అత్తిబెలె సరిహద్దు దాటగానే బోర్డులు తమిళం నుంచి కన్నడానికి మారాయి. చీకట్లో అంగళ్ళ దీపాలు వెలుగుతున్నాయి. కిటికీ పక్కన కూర్చున్న పాప ఉన్నట్టుండి అరిచింది. "టీచర్, నాకు కన్నడం చదివేదానికి వస్తా ఉండాది!" అంతే, బస్సంతా పోటీ. బట్టల అంగడి, మందుల షాపు, బ్యాంకు, సినిమా పోస్టరు, ఏదీ వదల్లేదు. మన తలకట్టు ఒక టిక్కు గుర్తులా ఉంటే వాళ్ళది పక్కకు పడుకున్నట్టు ఉంటుంది. అది పట్టుకుంటే సగం అక్షరాలు మనవే. ఒకప్పుడు తెలుగుకూ కన్నడానికీ ఒకే లిపి ఉండేది, కాలక్రమంలో విడిపోయాయి అని చెప్పాము. "అన్నదమ్ములు భాగాలు పంచుకున్నట్టా?" అని ఎవరో అన్నారు. దాదాపు అంతే.

మా పిల్లలు తెలుగు చదువుతారు, తమిళం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. ఆ పొద్దు కన్నడం కూడా చదివేశారు. ఇన్ని భాషలు మా పిల్లలకు భారం అని సమావేశాల్లో మేమే ఎన్నోసార్లు మాట్లాడాము. బస్సు కిటికీలో అది భారంగా కనబడలేదు. పరీక్ష కాగితం మీద భారమవుతుంది. అది కూడా నిజమే.

నది ఏదీ?

నంది కొండ ఎత్తు 1478 మీటర్లు. ఘాటు రోడ్డు మలుపుల్లో ఇద్దరు పిల్లలకు వాంతులయ్యాయి. నిమ్మకాయలు తెచ్చిన మా తోటి టీచరుకు ఆ రోజు పేరొచ్చింది. పైకి చేరేసరికి మంచు. చేయి చాపితే చేయి కనబడుతుంది గానీ పక్కనున్న కోట గోడ కనబడదు. టిప్పు సుల్తాను కాలపు కోట అది. ఖైదీలను తోసేవారని చెప్పే కొండ అంచుకు ఇప్పుడు ఇనుప కంచె వేశారు. పిల్లలకు అన్నిటికన్నా అదే నచ్చింది. 1927లో ఒళ్ళు బాగాలేనప్పుడు గాంధీగారు ఈ కొండ మీద విశ్రాంతి తీసుకున్నారని చెప్పాము. ఆ మాట వినేలోపు ఒక కోతి చిత్రాన్నం పొట్లం ఎత్తుకుపోయింది. ఇక గాంధీగారిని ఎవరు పట్టించుకుంటారు?

మంచు కరిగింది. "ఏదీ టీచర్ నది?" అన్నారు.

ఇక్కడ మేము ఒక తప్పు చేశామని అప్పుడు తెలిసింది. పిల్లల మనసులో నది పుట్టడమంటే, రాతిలో నుంచి బుసబుసా నీళ్ళు ఎగదన్నుకొని రావడం. సినిమాలో గంగమ్మ దిగినట్టు. ఇక్కడ ఏముంది? తడిసిన బండలు, నాచు, బండల సందుల్లో సన్నగా జారే తేమ, ఊటతో నిండే అమృత సరోవరం అనే చెరువు, అంతే. నాలుగు వందల యాభై రూపాయలిచ్చి ఇంత దూరం వచ్చి తడి బండలు చూస్తున్నామా అన్నట్టు ముఖాలు వేలాడేశారు.

మా చేతిలో తాగేనీళ్ళ సీసా ఉంది. కొండ గొడుగులా ఉబ్బిన ఒక బండ దగ్గరికి పిలిచి, దాని నడినెత్తిన నీళ్ళు పోశాము. నీళ్ళు ఒకవైపు పోలేదు. నాలుగు దిక్కులా పాయలు పాయలుగా జారాయి. ఈ నంది కొండల వరస అంతా ఇట్లాంటి ఒక పెద్ద బండ అనుకోండి, పైన వాన పడింది అనుకోండి అన్నాము. ఇదే వరసలో చెన్నకేశవ కొండ ఉంది. అక్కడ పుట్టి ఉత్తరానికి పోయేది ఉత్తర పెన్న. ఇటు జారి హొసకోట మీదుగా మన హోసూరు వైపు వచ్చేది దక్షిణ పెన్న. ఈ వైపు పాలారు, అది కోలారు నుంచి కుప్పం వైపు తాకి వాణియంబాడి, ఆంబూరు, వేలూరు పోతుంది. ఆ వైపు అర్కావతి, అది పోయి కావేరిలో కలుస్తుంది.

ఒక పిల్ల సీసా తీసుకొని తను పోసింది. తరవాత ఇంకొకడు. నీళ్ళు ఎటు పోతాయో పందేలు కట్టారు. మూడు సీసాలు ఖాళీ అయ్యాయి. మా తోటి టీచరు తాగడానికి మిగల్చండర్రా అని మొత్తుకుంటోంది. మొదట ప్రశ్న అడిగిన అబ్బాయి మాత్రం పోయలేదు. బండ పక్కన కూర్చుని ఒక వేలు అడ్డం పెట్టి, పాయను ఇటు నుంచి అటు మళ్ళించి చూస్తున్నాడు. కాసేపటికి అన్నాడు: "టీచర్, వాన చినుకు ఇంత పక్కకు పడింటే నెల్లూరు పొయ్యేది. ఇంత ఇటు పడింది గనక మా తోటకు వచ్చింది."

మేము ముందు రోజు రాత్రి తయారు చేసుకున్న పాఠమంతా ఆ ఒక్క మాటలో వాడే చెప్పేశాడు.

ఉత్తర పెన్న కథ అక్కడే బండల మీద కూర్చుని చెప్పుకున్నాము. హిందూపురం పక్కన ఆంధ్రలోకి దిగి, అనంతపురం సీమ దాటి, తాడిపత్రి పోయి, గండికోట దగ్గర కొండను నిలువునా కోసి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సిద్ధవటం మీదుగా, సోమశిల ప్రాజెక్టులో ఆగి, నెల్లూరు చేరి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేసరికి 597 కిలోమీటర్లు. మా తెలుగు వాచకంలో పద్యాలు చదివే తిక్కన ఆ నెల్లూరు వాడే. భారతంలో విరాటపర్వం నుంచి కడదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసినవాడు. ఆ నది ఎండిపోతే సీమ రైతు బతుకు ఏమవుతుందో విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' కావ్యంలో రాశారు. అట్లాంటి కావ్యం ఒకటుందని పెద్ద తరగతి పిల్లలకు చెప్పాము. మన పెన్న మీద ఎవరు రాశారు టీచర్ అని అడిగారు. తమిళంలో ఈ నదిని పాడినవాళ్ళున్నారు, ఒడ్డున తిరుక్కోయిలూరు లాంటి పాత గుడి ఊళ్ళున్నాయి అన్నాము. "తెలుగులో?" అన్నారు. మీరు ఈసారి వ్యాసం నాలుగు వాక్యాలు దాటించండి, అప్పుడు చూద్దాం అన్నాము.

మధ్యాహ్నం కొండ కింద నంది ఊళ్ళో భోగ నందీశ్వరుడి గుడికి దిగాము. పైన యోగ నందీశ్వరుడు, కింద భోగ నందీశ్వరుడు. కింది గుడి తొమ్మిదో శతాబ్దం నాటిది. నాలుగు వైపులా మెట్లున్న కోనేటిని శృంగతీర్థం అంటారు. శృంగం అంటే కొమ్ము అని చెప్పగానే నందికీ కోనేటికీ ఉన్న సంబంధం పిల్లలే అల్లేసుకున్నారు. పెరుగన్నం తిన్నది ఆ గుడి బయటి చెట్ల కిందనే.

అక్కడ గంపలో దోసకాయలు పెట్టుకొని ఒక అవ్వ కూర్చుంది. మా పిల్ల ఒకతె కష్టపడి కన్నడంలో ధర అడిగింది. అవ్వ ఉప్పూ కారం అద్దుతూ, "ఏ ఊరమ్మా మీది? పదికి రెండు ఇస్తాను తీసుకోండి" అని తెలుగులో అంది. పిల్లలు నోరెళ్ళబెట్టారు. చిక్కబళ్ళాపురం, కోలారు పక్క తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో అని మేము ఎప్పుడో చెప్పే ఉంటాము. చెప్పినప్పుడు ఎవరూ వినలేదు. అవ్వ చెబితే విన్నారు. ఇరవై మూడుమందీ కొన్నారు. గంప ఖాళీ అయ్యాక ఆమె, "మా మనవరాండ్లకు తెలుగు మాట వస్తాది, రాసేది రాదు. మీ బళ్ళో రాసేది నేర్పుతారా?" అని అడిగింది. నేర్పుతామవ్వా అన్నాము. "మంచిది" అంది.

కెలవరపల్లిలో నురుగు

ఆ తరవాతి శనివారం రెండో యాత్ర. దీనికి గంపలు లేవు, కొత్త బట్టలు లేవు. టౌను బస్సు దిగి పొలాల వెంట నడిచాము. బీన్సు, క్యాబేజీ, టమోటా, చెట్టు నిండా ముళ్ళతో రోజాలు. మూడు రోజుల ముందు పైన మంచి వానలు పడి, డ్యాము గేట్ల నుంచి నీళ్ళు వదిలారు. పిల్లలు ఉరికారు. ఉరికినవాళ్ళు కాసేపటికే ఆగిపోయారు.

డ్యాము కింద ఏరు తెల్లగా ఉంది. నీళ్ళు తెల్లగా లేవు, నీళ్ళు నల్లగానే ఉన్నాయి. వాటి మీద మనిషి ఎత్తు నురుగు. గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా విరిగి పొలాల మీద పడుతోంది. దూరం నుంచి దూది. దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాలి. చిన్నవాడొకడు మంచు అనుకొని సంబరపడబోయి, వాసన తగిలి వెనక్కు వచ్చాడు.

ఇది కొత్త కాదు. మా ప్రాంతం వాళ్ళకు పేపర్లో ఫొటోలు చూసి చూసి అలవాటైపోయింది. పోయిన శనివారం చేతిలో నీళ్ళ సీసాతో బండ మీద ఆటలాడిన పిల్లలకు మాత్రం అలవాటు పనిచేయలేదు. "అదే నీళ్ళా టీచర్?" అన్నారు. అదే ఏరు అన్నాము. నంది కొండకూ కెలవరపల్లికీ మధ్య బెంగళూరు ఉంది. అంత నగరంలో ఇళ్ళలో, ఫ్యాక్టరీల్లో వాడిన నీళ్ళలో చాలా భాగం బెళ్ళందూరు, వర్తూరు చెరువుల్లోకి చేరుతుంది. అక్కడి నుంచి పారే నీళ్ళు ఈ ఏటిలోకే వస్తాయి. బట్టల సబ్బులోని రసాయనాలు నీళ్ళలో ఉండి, ఆ నీళ్ళు పైనుంచి దూకి గాలి కలిస్తే నురుగు లేస్తుంది. బకెట్లో సబ్బునీళ్ళు గిలకొట్టినట్టే. బెళ్ళందూరు చెరువు 2017లో అంటుకొని మండిందని చెబితే ఎవరూ నమ్మలేదు. "నీళ్ళకు మంట ఎట్ల పడతాది టీచర్?" నీళ్ళకు కాదు. నీళ్ళ మీది చెత్తకు, కుళ్ళితే పుట్టే వాయువుకు.

బెంగళూరు వాళ్ళను నాలుగు తిట్లు తిట్టుకొని ఇంటికి పోవడం సులభం. పిల్లలు అదే మొదలుపెట్టారు కూడా. మీ ఇంట్లో బట్టలుతికిన నీళ్ళు ఎటు పోతాయి అని అడిగాము. కాలువలోకి. కాలువ ఎటు పోతుంది? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ మా వీధి కాలువ ఎక్కడిదాకా పోతుందో తెలియదు. దాన్ని ఇంటి పనిగా ఇచ్చాము, మాకు కూడా కలిపి.

ఆ అబ్బాయి నాయన తోట అక్కడికి దగ్గరే. మమ్మల్ని చూసి, మోకాళ్ళ దాకా మన్నుతోనే వచ్చాడు. పిల్లలందరికీ తలా ఒక రోజా ఇచ్చాడు. అమ్మకానికి పనికిరాని, కాడ వంకరపోయిన పూలని ఆయనే చెప్పాడు. "మేము చిన్నగా ఉన్నప్పుడు ఎండాకాలంలో ఈ ఏట్లో చెలమ తోడుకొని దోసిట్లో తాగేవాళ్ళం మేడం" అన్నాడు. "ఇప్పుడు చేలో దిగి వస్తే కాళ్ళు దురద. అయినా ఇదే పారించాల. వేరే ఏడ ఉండాది?" ఏ నీళ్ళని నమ్మి పూలు పెడుతున్నాడో ఆ నీళ్ళ గురించి ఆయన ఫిర్యాదు కూడా చేయడం లేదు. వాతావరణం గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

కొడుకు చేతిలో నోటుబుక్కు ఉంది. వ్యాసం నాలుగు వాక్యాలు దాటాలని చెప్పాము గదా, వాడు పదకొండు పేజీలు రాశాడు. అందులో ఒక పటం వేశాడు. నంది కొండ దగ్గర నుంచి రెండు పెన్నలు, ఒకటి పైకి, ఒకటి కిందికి, మధ్యలో ఊళ్ళు. నెల్లూరు వైపు ఊళ్ళు మేము చెప్పినవి. మన వైపు కెలవరపల్లి, కృష్ణగిరి డ్యాము, సాత్తనూరు డ్యాము, తిరుక్కోయిలూరు, కడలూరు.

ఆయన చేతులు పంచెకు తుడుచుకొని పుస్తకం తీసుకున్నాడు. ఆయన కూడా మన బడిలోనే ఎనిమిది దాకా చదివాడు. మేము రాక ముందు సంగతి. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఒక ఒత్తు దగ్గర ఆగితే కొడుకు అందించాడు. పిల్లలందరూ చుట్టూ నిలబడి ఉండగా ఆయన పైకి చదవడం ఆపలేదు. పేజీ తిప్పి ఇంకొకటి చదివాడు. "చదివి ఎన్నేండ్లయిందో" అన్నాడు. తరవాత పటం మీద వేలు పెట్టి, "ఇది సరిగా లేదు. ఈడ మన వంక వచ్చి కలుస్తాది. దీంట్లో వెయ్యలేదే" అన్నాడు. పుస్తకం ఈ రాత్రికి ఉంచుకుంటాను, సోమవారం పంపిస్తాను అన్నాడు.

సోమవారం పుస్తకం వచ్చింది. పటంలో ఏటి పక్కన నీలం పెన్నుతో, వణికే పెద్ద అక్షరాలతో రెండు వంకల పేర్లు, ఒక కుంట పేరు, ఎండిపోయిన ఒక మడుగు పేరు కొత్తగా చేరాయి. ఏ పటంలోనూ మేము చూడని పేర్లు. ఒక పేరులో ఒత్తు తప్పింది. దిద్దలేదు.

టీసీ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, మేమూ అడగలేదు. జూన్ ఇంకా దూరం ఉంది. తమిళం టీచరు పోస్టు కోసం మా ప్రధానోపాధ్యాయులు మరోసారి అర్జీ పెట్టారు. ఈసారి తల్లిదండ్రుల సంతకాలు కూడా జతచేశారు. ఆ సంతకాల్లో ఆయనది ఉంది. తెలుగులోనే చేశాడు.

ఈ పుట చదివే తోటి టీచర్లకు ఒక మాట. పెద్ద బస్సు కట్టించలేకపోయినా పరవాలేదు, మా రెండో యాత్రకు ఒక్కొక్కరికి టౌను బస్సు టికెట్టు తప్ప ఖర్చు లేదు. యానాం వాళ్ళకు గుమ్మంలో గౌతమీ గోదావరి ఉంది. బ్రహ్మపురం వాళ్ళకు ఋషికుల్య దగ్గరే, దాని మొగ దగ్గర సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం చూసుకొని పోతే పిల్లలు జన్మలో మరచిపోరు. బళ్ళారి వాళ్ళకు ఊరి మధ్యనే కొండకోట. తాగే నీళ్ళు మాత్రం లెక్కకు మించి తీసుకుపోండి. సగం నీళ్ళు బండల మీద పోయడానికే అయిపోతాయి. కోతులుండే చోట అన్నం గంప మీద ఒక పెద్ద పిల్లవాడిని కాపలా పెట్టండి.

వీధి కాలువ ఇంటి పని ఎనిమిదిమంది చేసుకొచ్చారు. మాది ఇంకా కాలేదు. రెండు వీధులు వెంబడించాక ఒక మూసిన కల్వర్టు దగ్గర జాడ తప్పింది. వచ్చే ఆదివారం అటువైపు నుంచి మొదలుపెట్టాలి. సంక్రాంతి సెలవులకు ముందు కృష్ణగిరి డ్యాముకు పోదామని ఏడో తరగతి అప్పుడే తీర్మానం చేసేసింది. 1950ల్లో కట్టిన డ్యాము అది, కామరాజ్ కాలంలో. 2017 నవంబరులో దాని గేటొకటి విరిగినప్పుడు ఏట్లోకి నీళ్ళు ఎట్లా ఉరికాయో ఆ రోజా తోటాయన పిల్లలకు కథలుగా చెప్పాడట. తనూ వస్తానంటున్నాడు. ఊరికే చూపిస్తానన్న ఆవిడ కూడా వస్తుందట, చిత్రాన్నం తనే కలుపుతానని కబురు పంపింది.